అరవై లెక్కపెట్టాలి

మూత విప్పగానే దుమ్ము.
దుమ్ములో ఒక అగ్గిపుల్ల, సగం కాలింది.
దాని పక్కన ఇంకొకటి. ఇంకొకటి.
బాయిలర్ అడుగున పిచ్చుక గూడు కట్టినట్టు.
"అవి నావే" అంది ఐడా ప్రౌడ్‌లాక్,
ఎనభై ఒకటో ఏట, వంటింట్లోనే కోటు తొడుక్కుని.
"రాత్రి ఆర్పేస్తాను, పొద్దున్న వెలిగిస్తాను.
మీటర్లో వేసే పౌండ్లు చెట్లకి కాస్తాయా?"

సండర్లాండ్‌లో జనవరి.
సముద్రం మీది గాలి ఇక్కడ తలుపు తట్టదు,
తాళంచెవి కంతలోంచి దూరి
కుర్చీ లాక్కుని కూచుంటుంది.

వంగి చూశాను.
మంట గోరంత ఉంది. నీలంగానే ఉంది.
పచ్చకొస లేదు, ఆ జబ్బు లేదు.
కానీ పక్కగదిలోంచి ఎవరో పిలిచినట్టు
మాటిమాటికీ తల అటు తిప్పుతోంది.
దాన్ని ఆనుకుని రాగివేలు, థర్మోకపుల్.
మంటలో వేలు పెట్టుకుని కూచోవడమే దాని ఉద్యోగం.
ఆ వేడికి పుట్టేది పాతిక మిల్లీవోల్టులు,
చీమ కూడా ఉలిక్కిపడని కరెంటు.
అది ఓ అయస్కాంతాన్ని పట్టుకుంటుంది,
అయస్కాంతం వాల్వుని, వాల్వు గ్యాసుని.
మంట పోతే వేలు చల్లబడాలి,
పట్టు జారాలి, టక్కుమనాలి.
ఆ టక్కు వినడానికే నాకు జీతమిస్తారు.

నమ్మి చెడినవాడు లేడంటారు.
మా పనిలో ఉన్నాడు.
ఏ వీధో చెప్పను. ఆ ఇళ్ళ వరసలో ఇప్పుడు
ఊడిన పన్నంత ఖాళీ.

కుళాయి కట్టేశాను.
మంట ఒకసారి నిలబడి చూసి, పోయింది.
"ఇప్పుడేం చెయ్యాలి?"
"అరవై లెక్కపెట్టాలి. ఈలోగా చప్పుడు రావాలి."
ఆమె పైకే మొదలెట్టింది, చర్చిలో పాడే గొంతుతో.
ఇరవై మూడు దగ్గర ఆగి,
"మా లాంబర్ట్ ఓడల యార్డులో వెల్డరు.
ఆఖరి దుంగ కొట్టేశాక కూడా ఓడ కదలదట.
వెయ్యిమంది ఊపిరి బిగబట్టి నించుంటారు.
అది ఆలోచించుకుంటుంది, అనేవాడు."
ఎంతదాకా వచ్చామో మరిచిపోయింది.
నేను మరిచిపోలేదు.
యాభై. యాభై ఎనిమిది. అరవై.
వాల్వు ఇంకా ఆలోచించుకుంటోంది.

స్క్రూడ్రైవరు పిడితో ఒక్కటి తట్టాలనిపించింది.
తట్టకూడదు.
తడితే వచ్చే చప్పుడు అబద్ధం.

తొంభై నాలుగుకి టక్కుమంది.
"వచ్చిందిగా!" అంది ఐడా,
రైలు తప్పిపోలేదని తెలిసినదానిలా.
"ఆలస్యంగా వచ్చింది" అన్నాను.
"నేనూ అంతే, అన్నిటికీ ఆలస్యమే. నన్నెవరూ పారెయ్యలేదు."

ఆ ముప్పై నాలుగు సెకన్లలో
ఈ చిన్న వంటిల్లు ఏం పీల్చుకుంటుందో
ఆమెకి చెప్పలేదు.
ఎర్ర చీటీ తీసి, తేదీ వేసి, సంతకం పెట్టి,
బాయిలర్ మెడకి కట్టాను. వాడరాదు.
కళ్ళద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం చదివింది.
"అంటే చలిని నీ చేత్తో రాసిస్తున్నావన్నమాట."

అవును.

"రోజూ ఆర్పడం వల్లేనా?" అంది కాసేపాగి.
"కాదు" అన్నాను.
నిజానికి నాకు తెలీదు.

పాత మోడలు. కొత్త వాల్వు లీడ్స్ నుంచి రావాలి, గురువారం.
వ్యాన్లో మా అమ్మ హీటరు ఉంది, రెండు కడ్డీలది,
ఒకటే వెలుగుతుంది.
దాన్ని ఆమె మోకాళ్ళ ముందు పెట్టి,
కర్టెనుకి దూరంగా జరిపి, మళ్ళీ ఇంకొంచెం జరిపి,
సంచీ సర్దుకున్నాను.
గుమ్మం దగ్గర అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.
"నా దగ్గరుంటే వేళ్ళు ఊరుకోవమ్మాయ్."

జేబులో మూడో నాలుగో పుల్లలు
అడుగు వేసినప్పుడల్లా గలగలమంటున్నాయి.
వ్యానెక్కి తాళం తిప్పాను.
అద్దం మీద మంచు కరగాలి,
అందాకా కదలడానికి లేదు.
తొంభై అయిదు,
తొంభై ఆరు.